గడప ఎత్తు: పాలమూరులో చెరువు కింది కాలనీకి డిజిటల్ మోడల్ కట్టిన అనుభవం

కాలనీలో వరద నీళ్లు ఎటు పారుతాయో కంప్యూటర్‌లో చూపే మా మోడల్‌ను మొదటిసారి గోడ మీద వేసి చూపించిన సాయంత్రం కమ్యూనిటీ హాలు నిండిపోయింది. తెర మీద చెరువు నిండింది, మత్తడి (చెరువు నిండితే అదనపు నీళ్లు పొర్లిపోయే గోడ) దుంకింది, నీలం రంగు మెల్లగా గల్లీల్లోకి పాకింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ లేచి తెర దగ్గరికొచ్చి "నా ఇల్లేది బిడ్డా?" అంది. వేలు పెట్టి చూపించాను. అక్కడ రంగు లేదు.

"గిదేంది బిడ్డా, పోయినేడు నా ఇంట్ల మంచం మునిగె. బియ్యం డబ్బా తేలుకుంట బయటికి పాయె. మీ బొమ్మల నా ఇల్లు పొడిగున్నది."

అవ్వ చెప్పిందే నిజం. నెలల తరబడి కూర్చుని కట్టిన మోడల్ ఆమె ఇంటి దగ్గర తప్పింది. ఎందుకు తప్పిందో వెతుక్కుంటూ పోతే ఈ పని గురించి నాకున్న ఆలోచనే మారిపోయింది. ఆ వెతుకులాటే ఈ కేస్ స్టడీ.

కరువు జిల్లాలో వరద మోడల్

ఇది ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలో ఒక మున్సిపల్ పట్టణం. పేరు రాయడం లేదు, కారణం తర్వాత చెప్తాను. పట్టణానికి ఎగువన ఒక పాత చెరువు, దాని కట్ట కింద ఒకప్పటి ఆయకట్టు పొలాలు, ఆ పొలాల్లో ముప్పై నలభై ఏళ్లుగా ఒక్కటొక్కటిగా లేచిన ఇళ్లు. ఇలాంటి కాలనీ లేని పట్టణం పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో వెతికినా దొరకదు.

"పాలమూరుకు వరద మోడలేంది, కరువు మోడల్ కట్టు" అని మిత్రులే అన్నారు. 2009 అక్టోబరును గుర్తు చేశాను. ఆ నెలలో శ్రీశైలం జలాశయానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డాయి, డ్యామును కట్టిన లెక్కకన్నా ఎంతో ఎక్కువ. తుంగభద్ర ఒడ్డున రాజోలి మునిగిపోయింది, అలంపూర్ నీళ్లపాలైంది. అది నది వరద. పట్టణంలో వచ్చేది వేరు: గంటన్నర వాన, నిండిన చెరువు, దారి దొరకని నీళ్లు. 2022 జూలైలో మహబూబ్‌నగర్ దగ్గర మాచన్‌పల్లి, కోడూరు మధ్య రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లలో పిల్లలున్న బడి బస్సు చిక్కుకుంది. ఊరివాళ్లు పరుగెత్తి పిల్లల్ని బయటికి తీశారు. 2024 సెప్టెంబరు మొదట్లో కోదాడలో కార్లు కొట్టుకుపోయాయి, సాగర్ ఎడమ కాలువకు గండి పడింది.

అసలు వాన తక్కువ పడే చోటే ఈ ప్రమాదం ఎక్కువని నా అనుభవం. కోస్తాలో ఏటా నీళ్లొస్తాయి కాబట్టి నీళ్ల దారి జనానికి గుర్తుంటుంది. మన దగ్గర ఏడేళ్లు మత్తడి దుంకకపోతే నాలా ప్లాటు అయిపోతుంది. దాని మీద ఇల్లు కట్టినవాడికి అది నాలా అని తెలిసే అవకాశం కూడా ఉండదు. అతనికి అమ్మినవాడికి తెలుసు.

30 మీటర్ల గడి

మొదట అందరూ చేసేదే మేమూ చేశాం. ఉచితంగా దొరికే ఎత్తుల పటాలు తీసుకున్నాం. ఇస్రో కార్టోశాట్-1 బొమ్మల నుంచి చేసిన కార్టోడెమ్ ఆ సంస్థ పటాల వెబ్‌సైటు భువన్‌లో దొరుకుతుంది, 2000లో అమెరికా అంతరిక్ష నౌక కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం కూడా ఉంది. ఇళ్లు, రోడ్లు జనమే గీసే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తెచ్చుకుని, లేనివి మేమే గీశాం. పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో అన్నీ పేర్చి, నీళ్లు పారించే లెక్క హెక్‌రాస్‌లో చేశాం. అది అమెరికా సైన్యం ఇంజినీర్లు తయారుచేసి ఉచితంగా ఇస్తున్న సాఫ్ట్‌వేర్. వాన లెక్కకు మండలంలో ఉన్న డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ వాతావరణ కేంద్రం రీడింగులు వాడుకున్నాం. రూపాయి ఖర్చు లేకుండా ఊరంతా కంప్యూటర్‌లోకి వచ్చేసింది. చూడ్డానికి బాగుంది కూడా.

ఆ పటంలో ఒక్కో గడి 30 మీటర్ల పొడుగు, 30 మీటర్ల వెడల్పు, అంటే 900 చదరపు మీటర్లు. మన లెక్కలో వెయ్యి గజాలకు పైనే. రెండు వందల గజాల ప్లాట్లు ఐదు, వాటి మధ్య గల్లీ, మోరీ అన్నీ కలిపి ఆ పటానికి ఒకే ఎత్తు. పైగా ఉపగ్రహానికి ఇంటి కప్పు కూడా నేలలాగే కనిపిస్తుంది, కాబట్టి ఇళ్లు దట్టంగా ఉన్నచోట నేల పైకి లేచినట్టు వస్తుంది. ఎత్తులో నాలుగైదు మీటర్ల తేడా రావడం మామూలే. నదికి ఆ తేడా సర్దుకుపోవచ్చు. అవ్వ ఇంట్లో మంచం మునిగింది రెండడుగుల నీళ్లకు.

ఇంకో తప్పు ఇంతకన్నా పెద్దది. కాలనీకి కిందివైపు రైలుకట్ట ఉంది. కట్ట కింద నీళ్లు పోవడానికి మోరీ ఉందని మాకు తెలుసు. మోడల్‌లో దాన్ని పూర్తిగా తెరిచి ఉన్నట్టు పెట్టాం. ఎవరమూ అందులోకి వంగి చూడలేదు.

సభ అయిన మర్నాడు పొద్దున వంగి చూశాం. సగం వరకు మట్టి. పైన మిగిలిన సందులో ఎవరో వేసిన రెండు కేబుల్ పైపులు. వాటికి చుట్టుకున్న చీరల ముక్కలు, ప్లాస్టిక్ సంచులు, ఒక కోడిగంప. మోడల్‌లో ఆ ఒక్క మోరీని సగానికి మూసి మళ్లీ నడిపిస్తే నీళ్లు వెనక్కి తన్ని మూడు గల్లీలు నీలమయ్యాయి. అవ్వ ఇల్లు అంచుదాకా వచ్చింది, లోపలికి మాత్రం ఇంకా రాలేదు.

లంబర్‌టన్ సంగతి

ఇలాంటి పనికి ప్రపంచంలో పెద్ద ఉదాహరణలు చాలా ఉన్నాయి. సింగపూర్ 2014లో ఊరినంతా త్రీడీలో కట్టే పని మొదలుపెట్టింది. కానీ నేను పదేపదే తిరిగి చదివింది అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని లంబర్‌టన్ గురించి. అది 20 వేల జనాభా ఉన్న చిన్న ఊరు, పెద్ద సంపన్నం కూడా కాదు. 2016 అక్టోబరులో మాథ్యూ తుపానుకు లంబర్ నది పొంగింది. ఊరికి కరకట్ట ఉంది. కానీ హైవే కింద నుంచి రైలుపట్టా పోయే చోట కట్టకు సందు ఉంది. నీళ్లు ఆ సందులోంచే ఊళ్లోకి వచ్చాయి. 2018లో ఫ్లోరెన్స్ తుపానుకు మళ్లీ మునిగింది.

రైలు దారి దగ్గర సందు అన్నమాట చదవగానే మా మోరీ కళ్ల ముందు మెదిలింది. అయితే నన్ను ఎక్కువ కదిలించింది అక్కడ పరిశోధకులు తర్వాత చేసిన పని. అంతకుముందే, 2015లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ కేంద్రంగా, ఆ దేశపు ప్రమాణాల సంస్థ నిస్ట్ డబ్బుతో ఒక పరిశోధన కేంద్రం మొదలైంది. ఆ బృందం లంబర్‌టన్‌లో ఇంటింటికీ తిరిగింది. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయని రాసుకుని ఊరుకోలేదు. ఏ కుటుంబం ఎన్ని రోజులు ఇల్లు వదిలింది, బడి ఎప్పుడు తెరిచారు, దుకాణాలు ఎప్పుడు తెరిచారు అని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వెళ్లి అడిగింది. అదే కేంద్రం ఇన్‌కోర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కూడా చేసింది. భవనం, కరెంటు, నీళ్లు, కుటుంబం అన్నీ అందులో ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. కరెంటు పోతే నీళ్ల మోటారు ఆగుతుంది, మోటారు ఆగితే దవాఖాన ఆగుతుంది, అది ఆగితే జనం ఊరు వదులుతారు.

మన దగ్గర 'వరద మోడల్' అంటే ఎంతసేపూ నీళ్ల లోతే. కాలనీ మళ్లీ నిలబడటానికి ఎన్ని రోజులు పడుతుందన్న ప్రశ్న ఎవరూ మోడల్‌ను అడగరు. ఆ ప్రశ్న అడగాలని మేం అప్పుడు నిశ్చయించుకున్నాం.

గడపలు కొలిచాం

డ్రోన్ ఎగరేస్తే అన్నీ తేలిపోతాయని బృందంలో ఒకరన్నారు. ఎగరేశాం. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో (డ్రోన్లకు అడ్డంకి లేని ప్రాంతంలో) 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు, అయినా పోలీస్ స్టేషన్‌లో చెప్పే ఎగరేశాం. గల్లీలు, కప్పులు, మోరీలు చక్కగా వచ్చాయి. గడపలు రాలేదు. గడప పైనుంచి కనిపించదు కదా.

అందుకని పాత పద్ధతికే వచ్చాం. డిగ్రీ కాలేజీ పిల్లలు నలుగురు, ఎత్తులు కొలిచే ఆటో లెవెల్ ఒకటి, దానితో చదివే కొలత కర్ర (స్టాఫ్) ఒకటి. మత్తడి రాతిని బెంచ్‌మార్క్ (మిగతా ఎత్తులన్నిటికీ ఆధారం) చేసుకుని, గల్లీ గల్లీ తిరిగి ప్రతి ఇంటి గడప ఎత్తు, దాని ముందున్న రోడ్డు ఎత్తు, మోరీ అడుగు ఎత్తు రాసుకున్నాం. ఇంటికి మూడు అంకెలు.

అవ్వ ఇంటికి వచ్చేసరికి సంగతి తేలిపోయింది. ఆమె ఇల్లు కట్టినప్పుడు రోడ్డు మీంచి రెండు మెట్లెక్కి లోపలికి పోయేవాళ్లట. తర్వాత సీసీ రోడ్డు వేశారు. దాని మీద ఇంకొకటి వేశారు. ఎవరూ పాతది తవ్వలేదు, ఉన్నదాని మీదే ఆరంగుళాలో, ఇంకాస్త ఎక్కువో కాంక్రీటు పోసి వెళ్లారు. ఇప్పుడామె రోడ్డు మీంచి ఒక మెట్టు దిగి ఇంట్లోకి పోతుంది. గడప ముందు ఇటుకలు అడ్డం పెట్టి సిమెంటు పూసుకుంది. ఆ చిన్న గోడే ఆమె కరకట్ట. మత్తడి నీళ్లు రాకపోయినా ఆమె ఇల్లు మునుగుతుంది, ఎందుకంటే రోడ్డు మీద పడిన వానే ఆమె ఇంట్లోకి వస్తుంది.

చదరపు కిలోమీటరు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5 కోట్ల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లలో నింపితే పది వేల ట్యాంకర్లు. ఎండాకాలంలో ఒక్క ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకుని నిలబడే వీధిలోనే ఈ లెక్క చెప్పాం. అందరూ వెంటనే అందుకున్నారు. మట్టి నేల ఉన్నప్పుడు ఇందులో చాలా భాగం ఇంకేది, బావులకు పోయేది. ఇప్పుడు రోడ్డూ సిమెంటే, ఇంటి వాకిలీ సిమెంటే.

గడప ఎత్తులు చేర్చి మోడల్ మళ్లీ నడిపించాక బొమ్మ మారిపోయింది. చెరువుకు దగ్గరగా ఉన్న కొత్త ఇళ్లు పొడిగా ఉన్నాయి, వాళ్లు ఎత్తు పీఠం మీద కట్టుకున్నారు. చెరువుకు దూరంగా ఉన్న పాత ఇళ్లు మునిగాయి. అంతవరకు అధికారుల దగ్గర ఉన్న ముంపు జాబితా చెరువు నుంచి దూరాన్ని బట్టి రాసింది. దాని ప్రకారం అవ్వకు ఏ సాయమూ రాదు.

నీరటి చెప్పిన రెండో దారి

కాలనీలో ఒకప్పుడు నీరటి పని చేసిన కుటుంబం ఉంది. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూడటం వాళ్ల వంతు. ఆ ఇంటి పెద్దాయన మా వెంట కట్ట మీద నడిచి ఒక చోట కర్ర నాటాడు. "గీడికెళ్లి ఇంకొక కాల్వ ఉండె సారూ. పెద్ద వానొస్తే సగం నీళ్లు గిట్ల పక్క కుంటలకు పొయ్యేటియి."

గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి నిండితే ఇంకోదానికి పోయే దారి ఉంటుంది. తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నాయి, వాటిలో చాలా ఇలాగే ఒకదాని కొంగు ఇంకోటి పట్టుకుని ఉన్నాయి. పాత గ్రామ నక్షలో చూస్తే పెద్దాయన చెప్పిన కాలువ సన్నటి గీతగా ఉంది. ఇప్పుడక్కడ ఒక షెడ్డు, ప్రహరీ గోడ, నాలుగు ఇళ్లు ఉన్నాయి. మోడల్‌లో ఆ కాలువను తిరిగి తెరిచి చూశాం. కాలనీలోకి వచ్చే నీళ్లు బాగా తగ్గాయి.

ఇక్కడే మాకు ఒత్తిడి మొదలైంది. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు) గీతను, ఈ కాలువ గీతను మోడల్‌లోంచి తీసేస్తే పని సాఫీగా ముందుకు పోతుందని ఒక కార్యాలయంలో చెప్పారు. నియమం స్పష్టంగానే ఉంది: 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు ఏమీ కట్టకుండా బఫర్ వదలాలి. గీత తీసేస్తే మోడల్ అబద్ధం చెప్తుంది, ఆ అబద్ధానికి మా పేరుంటుంది. తియ్యలేదు. ఆ ఏడు ఇస్తామన్న సాయం ఆగిపోయింది. దాని గురించి ఇప్పటికీ బాధ ఉంది, కానీ మళ్లీ అదే చేస్తాను.

ఇంట్లో ఎవరుంటారు

గడపలు కొలుస్తున్నప్పుడు పిల్లలు గమనించిన సంగతి ఇది. చాలా ఇళ్ల తలుపులు తీసింది అవ్వలు, తాతలు, చిన్న పిల్లలే. నడివయసువాళ్లు ఎక్కడ అంటే, పుణె, బొంబాయి, హైదరాబాద్. పాలమూరు వలస గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. కానీ రేషన్ కార్డులో ఆరుగురుంటారు, ఓటరు జాబితాలో నలుగురుంటారు, వాన పడిన రాత్రి ఇంట్లో ఉండేది ఒక ముసలమ్మ, ఇద్దరు మనవలు. మోడల్‌లో జనాభాను కార్డుల నుంచి తీసుకుంటే ఆ ఇంట్లో మంచం ఎత్తేవాళ్లు ఉన్నారనుకుంటుంది.

అందుకే ఇంటికి ఇంకో అంకె చేర్చాం: వానకాలం రాత్రి ఆ ఇంట్లో ఒకరిని మోయగలిగిన మనిషి ఉన్నాడా, లేడా. ఆశ కార్యకర్త, మహిళా సంఘం లీడర్లు కూర్చుని ఒక్క మధ్యాహ్నంలో ఆ జాబితా చెప్పేశారు. డయాలసిస్‌కు పోయేవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, మంచం పట్టినవాళ్లు ఎవరో వాళ్లకు కంఠతా వచ్చు. ఏ సర్వే కూడా అంత తొందరగా, అంత సరిగ్గా చెయ్యలేదు.

ఊరి పేరు రాయకపోవడానికి కారణం ఇదే. గడప ఎత్తు, ఒంటరి ముసలివాళ్ల ఇళ్లు, మగవాళ్లు లేని ఇళ్లు ఉన్న పటం బయటపడితే దొంగలకు పనికొస్తుంది. ప్లాటు కొనేవాడు బేరమాడటానికీ పనికొస్తుంది. మనుషుల వివరాలున్న పొర మా దగ్గర లేదు, ఆశ కార్యకర్త దగ్గరున్న కాగితం మీదే ఉంది. కంప్యూటర్లో ఇంటికి ఎరుపు, పసుపు గుర్తు మాత్రమే ఉంటుంది. ఇలాంటి మోడల్ కట్టే ప్రతివాళ్లూ ఈ ఏర్పాటు మొదటి రోజే చేసుకోవాలని నేను గట్టిగా చెప్తాను. మేం ఆలస్యంగా చేశాం. అప్పటికే ఒక ఫైలు వాట్సాప్‌లో నలుగురికి వెళ్లిపోయింది, దాన్ని తీయించడానికి ఇంటింటికీ తిరగాల్సి వచ్చింది.

బడికి పోయే దారి

మోడల్‌ను నీళ్ల లోతు ఎంతని కాకుండా, ఏది ముందు ఆగుతుందని అడగడం మొదలుపెట్టాక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి బయటపడింది. వరద వస్తే జనాన్ని తరలించాల్సిన చోటు సర్కారు బడి అని ప్రణాళికలో రాసి ఉంది. బడి ఎత్తులోనే ఉంది, మునగదు. కానీ బడికి పోయే ఒకే ఒక్క రోడ్డు కల్వర్టు దగ్గర దిగి లేస్తుంది. వాన మొదలైన తర్వాత మొట్టమొదట మునిగేది ఆ దిగుడే. ఇళ్లలోకి నీళ్లు రాకముందే బడి దారి మూసుకుపోతుంది. జనం ఇల్లు వదలాలనుకునే వేళకు పోయే దారి ఉండదు.

కాలనీ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె కూడా ఆ దిగుడు పక్కనే ఉంది. నీళ్లు దిమ్మె దాకా రాగానే లైన్‌మన్ కరెంటు తీసేస్తాడు, తియ్యాలి కూడా. దాంతో ట్యాంకు ఎక్కించే మోటారు ఆగుతుంది. ఇళ్ల చుట్టూ నీళ్లు, తాగడానికి నీళ్లు లేవు. ఈ వరస అంతా తెర మీద ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోతూ కనిపించినప్పుడు హాల్లో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక అక్క లేచి, "మరి ఫంక్షన్ హాలు మస్తు ఎత్తుల ఉంటది గద సార్, దారి గుడ ఇటే" అంది. కొలిచాం. ఆమె చెప్పింది సరిగ్గా ఉంది. హాలు యజమాని ఒప్పుకున్నాడు. వానకాలం నాలుగు నెలలు ఒక తాళంచెవి మహిళా సంఘం లీడర్ దగ్గర ఉంటుంది.

దీన్ని డిజిటల్ ట్విన్ అనమని చాలామంది అడుగుతారు. ట్విన్ అంటే ఊరితోపాటు క్షణక్షణం మారాలి, ప్రతిచోటి నుంచీ కొలతలు వస్తూ ఉండాలి. మా దగ్గర ఉన్నది ఒక వాతావరణ కేంద్రం రీడింగు, మత్తడి గోడ మీద పెయింటుతో గీసిన స్కేలు, దాన్ని చూసి ఫోన్ చేసే నీరటి పెద్దాయన. నాకు దీని మీద నమ్మకం ఉంది. ఎందుకంటే తప్పితే ఎక్కడ తప్పిందో కాలనీవాళ్లే చెప్తారు.

ఇప్పటిదాకా జరిగింది, మిగిలింది

రైలుకట్ట కింది మోరీ పూడిక తీశారు, కేబుల్ పైపులు పక్కకు జరిపారు. కొత్త సీసీ రోడ్డు వేసేటప్పుడు పాతది తవ్వాకే వెయ్యాలని కాలనీవాళ్లు గడప ఎత్తుల పట్టిక జత చేసి అర్జీ పెట్టారు. ఒక గల్లీలో అలాగే తవ్వి వేశారు, మిగతావాటికి ఇంకా నడుస్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎత్తు పెంచలేదు. పక్క కుంటకు పోయే కాలువ అలాగే షెడ్డు కింద ఉంది.

మొన్నటి వానకాలంలో ఒక రాత్రి మత్తడి స్కేలు మీద నీళ్లు ఎర్ర గీత దాటాయని పెద్దాయన ఫోన్ చేశాడు. ఫంక్షన్ హాలు తెరిచారు. జాబితాలో ఉన్న ఇళ్లకు ముందుగా పోయారు. కల్వర్టు దిగుడు మోడల్ చెప్పినదానికన్నా ముందే మునిగింది, ఆ తేడా ఎందుకొచ్చిందో ఇంకా చూస్తున్నాం. ఆ రాత్రి మోరీలో మళ్లీ చెత్త పడి ఉంటుందని పిల్లల అనుమానం. అవ్వ ఇంట్లోకి నీళ్లు వచ్చాయి, అప్పటికి ఆమె, మనవలు హాల్లో ఉన్నారు. బియ్యం డబ్బా అటక మీద ఉంది.

ఇంకా రెండు గల్లీల గడపలు కొలవాలి. ఆటో లెవెల్ కాలేజీ నుంచి ఆదివారాలే దొరుకుతుంది.